గోడ కుదిరింది, తలుపే కుదరట్లేదు: పాలిమర్ బుడగల ప్రాజెక్టు డైరీ

జనవరి 8

దసరా సెలవులయ్యాక పెట్టిన ఆర్డరు సంక్రాంతి సెలవులకు ముందు వచ్చింది. మధ్యలో కస్టమ్స్ వాళ్ళకి మూడు ఉత్తరాలు రాశాం. ఇది పేలదు, మత్తుమందు కాదు, తినేది అసలే కాదు అని. పెట్టెలో పెట్టె, అందులో థర్మకోల్, దాని మధ్యలో చిటికెన వేలంత సీసా. అడుగున అర గ్రాము పాలిమర్. పొడి ఉంటుందనుకున్నాను. సీసా వంచి చూస్తే ముదురుపాకంలా అడుగుకి అతుక్కుపోయి ఉంది, కదల్లేదు.

"దీనికా ఇన్ని రోజులు ఎదురుచూశావ్?" అంది సీనియర్ అక్క.

దీనికే. పాలిమర్ పేరు పాలీబ్యూటాడీన్-పాలీఇథిలీన్ ఆక్సైడ్. ఒకే అణువుకి రెండు తోకలు అనుకోండి. ఒకటి పాలీబ్యూటాడీన్, అంటే టైర్లలో వాడే రబ్బరు జాతి, నీళ్ళంటే గిట్టదు. రెండోది పాలీఇథిలీన్ ఆక్సైడ్, నీళ్ళంటే ప్రాణం. మందుల రంగంలో దీన్నే పెగ్ అంటారు. "ఇవాళ ఎన్ని పెగ్గులు కలిపావ్" అనే జోకు ల్యాబ్‌లో ఇప్పటికి పాతికసార్లు విన్నాను.

ఇలాంటి అణువుల్ని నీళ్ళలో వదిలితే రబ్బరు తోకలన్నీ ఒకదాని చాటున ఒకటి దాక్కుంటాయి, పెగ్ తోకలు రెండువైపులా నీళ్ళలోకి తిరుగుతాయి. అలా రెండు వరుసల పొర ఏర్పడుతుంది. అంచులు నీళ్ళకి తగలకుండా ఉండాలంటే పొర చుట్టుకుని బుడగ అవ్వాల్సిందే. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉన్న పొర కట్టుబడీ ఇదే, కాకపోతే అక్కడ ఇటుకలు లిపిడ్లు అనే కొవ్వు అణువులు. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల్లోంచి లిపిడ్ తీసి నీటి మీద ఒక్క వరుసగా పరిస్తే, అది కణాల ఉపరితలానికి దాదాపు రెట్టింపు చోటు ఆక్రమించింది. పొరలో రెండు వరుసలు ఉంటాయన్న మాట అక్కణ్ణించి మొదలైంది. లిపిడ్లతో చేసిన బుడగ లైపోసోమ్. పాలిమర్‌తో చేస్తే పాలిమర్‌సోమ్. ఈ రెండో పేరుని పైకి తెచ్చింది 1999లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో డిషర్, హ్యామర్ బృందం సైన్స్ పత్రికలో వేసిన పేపరు.

ప్రాజెక్టు ఒక్క ముక్కలో: ముందు పాలిమర్‌తో కణం గోడ కట్టాలి, ఆ తర్వాత దానికి తలుపు పెట్టాలి. గోడకి రెండు నెలలు, తలుపుకి రెండు నెలలు అని ప్లాన్‌లో రాశాను. చూద్దాం.

జనవరి 10

తూచడం మీదే పొద్దంతా పోయింది. స్పాచులాకి అంటిన పాలిమర్ సీసాలోకీ పోదు, ఫ్లాస్కులోకీ దిగదు. 10 మి.గ్రా. తీయబోతే బ్యాలెన్సు ఒకసారి 7 అంటుంది, ఇంకోసారి 14. చివరికి అక్క చెప్పిన ఉపాయమే పని చేసింది. సీసా మొత్తాన్నీ తూచి, అందులోకే క్లోరోఫామ్ పోసి కరిగించేయడం. ఇక మీద ఎంత కావాలంటే అంత ద్రావణం తీసుకోవచ్చు. ఖాళీ సీసాని చివర్లో తూస్తే లెక్క తేలిపోతుంది. ఈ మాట పేపర్లలో ఎవరూ రాయరు.

క్లోరోఫామ్‌ని మామూలు పిపెట్‌తో తీయబోయి మరో పాఠం నేర్చుకున్నాను. టిప్‌లోంచి దానంతటదే బొట్లుబొట్లుగా కారిపోతుంది. పైగా ప్లాస్టిక్‌లోంచి ఏవేవో కరిగి కూడా వస్తాయి. గాజు సిరంజి ఒక్కటే దారి.

మిగిలిన ద్రావణం మీద ఆర్గాన్ ఊది, పారాఫిల్మ్ చుట్టి మైనస్ 20లో పెట్టాను. పాలీబ్యూటాడీన్‌లో డబుల్ బాండ్లు ఉన్నాయి కాబట్టి గాలి తగిలితే మెల్లగా ఆక్సీకరణ అవుతుంది. వంటనూనె కమురు కంపు కొట్టడం లాంటిదే.

జనవరి 19

పండక్కి ఊరెళ్ళొచ్చాను. అమ్మ అడిగింది, "ఏం చేస్తున్నావమ్మా అక్కడ, ఒక్క మాటలో చెప్పు" అని. నీళ్ళలో బుడగలు చేస్తున్నానన్నాను. "దానికి పీహెచ్‌డీనా" అని నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నారు.

వీధి చివర ఆర్.ఓ. ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ వచ్చింది ఆ టైమ్‌లోనే. దాన్ని చూపించి చెప్పాను. అక్కడ నీళ్ళు వడకట్టే పొర కూడా పాలిమరే, పాలీఅమైడ్. దాంట్లోంచి నీళ్ళు తోయడానికి మోటారు పెట్టి ఒత్తిడి చేయాలి. మన కిడ్నీలో కణాల పొరకి అక్వాపోరిన్ అనే ప్రొటీన్ తలుపులుంటాయి; వాటిలోంచి నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోతాయి, ఉప్పు మాత్రం పోలేదు. అది కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆ తలుపుని పాలిమర్ పొరలో పెట్టి చూసినవాళ్ళు ఉన్నారు. 2007లో మనీష్ కుమార్ తదితరుల పేపరు దాని గురించే. నాన్న ఈసారి తలెత్తారు. "అయితే క్యాన్ రేటు తగ్గుతుందా?"

జనవరి 29

ఫ్లాస్కులో సన్నని పొర. రోటావాప్ మీద క్లోరోఫామ్ ఆవిరైపోయాక గాజు లోపలి గోడకి కనీకనిపించని మసక మిగులుతుంది. రాత్రంతా వ్యాక్యూమ్‌లో పెట్టి, పొద్దున బఫర్ పోసి, మ్యాగ్నెట్ వేసి తిప్పాను. లిపిడ్ అయితే నిమిషాల్లో పొర ఊడి నీళ్ళు పాలలా అవుతాయి. ఇది మధ్యాహ్నం దాకా గాజుని వదల్లేదు. సాయంత్రానికి తెల్లని గంజిలా తయారైంది.

తర్వాత ఎక్స్‌ట్రూడర్. 100 నానోమీటర్ల రంధ్రాలున్న పాలికార్బొనేట్ పొరలోంచి అటు సిరంజి నుంచి ఇటు సిరంజికి, 21 సార్లు. బేసి సంఖ్య ఎందుకంటే, చివరికి మొదలుపెట్టిన వైపు కాకుండా రెండోవైపు చేరాలి, చెత్త అటే ఉండిపోవాలి. లిపిడ్‌కి బొటనవేలు చాలు. దీనికి అరచెయ్యి ఆనించి నెట్టాల్సి వచ్చింది. పదిహేనోసారికి గంజి పోయి నీలం ఛాయతో మెరిసే పల్చని నీరు దిగింది. బుడగల సైజు కొలిచే డి.ఎల్.ఎస్. మెషీన్‌లో పెడితే 118 నానోమీటర్లు, ఒకే శిఖరం. వెంట్రుక మందంలో ఏడెనిమిది వందల బుడగలు పక్కపక్కన పడతాయన్నమాట.

బుడగలే వస్తాయని ముందే ఎందుకు నమ్మామంటే, అణువులో లెక్క ఉంది. రబ్బరు తోక బరువు 1200, పెగ్ తోక 600. మొత్తంలో పెగ్ మూడో వంతు, 33 శాతం. డిషర్, ఐజెన్‌బర్గ్ 2002లో చెప్పిన మోటు లెక్క ప్రకారం 35 శాతానికి అటూ ఇటూ ఉంటే బుడగలు. 45 దాటితే బుడగ కట్టకుండా వానపాముల్లాంటి పోగులో, గుండ్రటి ఉండలో అవుతాయి. మేం కొన్నది బుడగ కట్టే కొలతలోదే.

ఫిబ్రవరి 6

ఇవాళ మొదటిసారి కంటితో చూశాను. డైరీ రాయడం మొదలుపెట్టింది ఈ రోజు కోసమే అనిపించింది.

100 నానోమీటర్లవి మామూలు మైక్రోస్కోపుకి కనపడవు. పెద్ద బుడగలు కావాలంటే 1986లో ఏంజెలోవా, డిమిట్రోవ్ చెప్పిన కరెంటు పద్ధతి ఉంది గానీ, మా ఫంక్షన్ జనరేటర్‌ని ఫిజిక్స్ వాళ్ళు పోయినేడు తీసుకెళ్ళి ఇంకా ఇవ్వలేదు. అందుకని జెల్ పద్ధతి. పాలీవినైల్ ఆల్కహాల్‌ని నీళ్ళలో 90 డిగ్రీల దగ్గర కరిగించి, బంకలా అయ్యాక గాజు స్లిప్ మీద పల్చగా పూసి, ఓవెన్‌లో ఆరబెట్టాలి. దాని మీద పాలిమర్ ద్రావణం పది మైక్రోలీటర్లు వేసి, సూది పక్కకి వాల్చి పరవాలి, పెనం మీద దోసెపిండి తిప్పినట్టు. ఆలస్యమైతే క్లోరోఫామ్ ఆరిపోయి ఒకచోట ముద్దవుతుంది. ఆరోదానికి చెయ్యి తిరిగింది.

పైన 280 మిల్లీమోలార్ చక్కెర (సుక్రోజ్) నీళ్ళు పోశాను. జెల్ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, దాని మీది పాలిమర్ పొర కూడా కింద నుంచి ఉబ్బి బుడగలుగా లేస్తుంది. గంట తర్వాత ఆ నీళ్ళని జాగ్రత్తగా తీసి, అంతే గాఢత ఉన్న గ్లూకోజ్ నీళ్ళలో వదిలాను. లోపల సుక్రోజ్, బయట గ్లూకోజ్. సుక్రోజ్ బరువు ఎక్కువ కాబట్టి బుడగలు అడుగుకి దిగి, లెన్సుకి దగ్గరగా కూర్చుంటాయి.

ఫోకస్ తిప్పుతూ పోతే ముందు ధూళి, గీతలు, తర్వాత ఒక్కసారిగా గుండ్రటి బూడిదరంగు బిళ్ళలు, అంచున వెలుగు వలయం. 5 మైక్రాన్లది ఒకటి, 20 మైక్రాన్లది ఒకటి, ఒకదాని కడుపులో మరో రెండు. పొరకి పట్టే నైల్ రెడ్ అనే రంగు వేసి ఫ్లోరెసెన్స్‌లోకి మార్చితే చీకట్లో ఎర్ర గాజుల్లా ఉన్నాయి.

పక్క స్లైడులో లిపిడ్‌తో చేసినవి పెట్టి పోల్చాను. లిపిడ్ బుడగ అంచు గాలికి జెండా కదిలినట్టు సన్నగా వణుకుతూనే ఉంటుంది. పాలిమర్ది కదలదు. బయట గ్లూకోజ్‌ని 100 మిల్లీమోలార్ పెంచాను, నీళ్ళు బయటికి లాగాలని. లిపిడ్ బుడగ పది, పదిహేను సెకన్లలో వదులై గాలి తీసిన బెలూన్‌లా ఊగింది. పాలిమర్ది మూడు నిమిషాలకి గానీ చలించలేదు. పెన్సిల్వేనియా పేపర్లో నీళ్ళు పదో వంతు కంటే తక్కువ వేగంతో దాటుతాయని చదివినప్పుడు అది పట్టికలో ఒక అంకె మాత్రమే. ఇవాళ మొబైల్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని చూశాను.

దృఢత్వం సంగతి మేం కొలవలేదు, బుడగని సన్నని గాజు గొట్టంతో పీల్చి సాగదీసే మైక్రోపిపెట్ ఏర్పాటు మా దగ్గర లేదు. వాళ్ళు కొలిచారు. లిపిడ్ పొర ఐదు శాతం సాగేసరికి చిరుగుతుంది, వాళ్ళ పాలిమర్ పొర దాదాపు ఇరవై శాతం దాకా ఓర్చుకుంది. దాని మందం 8 నానోమీటర్లు, లిపిడ్ది 3 నుంచి 5 మధ్య. మా అణువు వాళ్ళ దానిలో సగం కన్నా తక్కువ బరువు, కాబట్టి మా గోడ అంత మందం ఉండదు. సార్ కావాలనే చిన్నది ఎంచుకున్నారు, తలుపుకి వీలుగా ఉంటుందని.

ఫిబ్రవరి 24

గోడ కుదిరిందా లేదా అని తేల్చేది లీకేజీ పరీక్ష. కాల్సీన్ అనే రంగుని 50 మిల్లీమోలార్ గాఢతతో లోపల నింపాలి. అంత చిక్కగా ఉంటే అణువులు ఒకదాన్నొకటి అణచుకుని వెలగవు. బయటికి కారి పల్చనైతే పచ్చగా వెలుగుతాయి. లెక్కేస్తే మా ఒక్కో బుడగలో పది వేల పైచిలుకు కాల్సీన్ అణువులు ఉంటాయి.

లోపలికి పోని రంగుని వేరుచేయడానికి సెఫాడెక్స్ కాలమ్. ఈ పని ఎన్నిసార్లు చేసినా విసుగు రాదు. పైన పోసిన నారింజరంగు ద్రావణం తెల్లని జెల్‌లో దిగుతూ దిగుతూ రెండు పట్టీలుగా విడిపోతుంది. బుడగలు పెద్దవి, జెల్ గింజల రంధ్రాల్లో దూరలేవు, కాబట్టి పక్కసందుల్లోంచి ముందు దిగిపోతాయి. విడి రంగు ప్రతి గింజలోనూ దూరి, ఆగి, వెనక వస్తుంది. కాలమ్‌లో పోసే బఫర్ ఆస్మోలారిటీ, అంటే అందులో కరిగి ఉన్నవాటి మొత్తం గాఢత, బుడగ లోపలి ద్రావణంతో కలవాలి. కాల్సీన్‌ని కరిగించడానికి వేసిన సోడియం హైడ్రాక్సైడ్‌ని లెక్కలో మర్చిపోయి మొదటి బ్యాచ్ పాడుచేశాను. అది నా తప్పే.

రెండో బ్యాచ్ బాగుంది. వెలుగు కొలిస్తే మొదటి రీడింగ్ 55. ఇక వారం ఆగి మళ్ళీ కొలవాలి.

మార్చి 3

55 ఉన్నది 125 అయింది. ఎంత శాతం లీకైందో తెలియాలంటే మొత్తం బుడగల్ని పగలగొట్టి వంద శాతం ఎంతో చూడాలి. దానికి అందరూ వాడేది ట్రైటాన్ ఎక్స్-100, ఒక రకం సబ్బు. అది వేశాను, ఐదు నిమిషాలాగి చూశాను. 240.

55 నుంచి 125కి 70 పెరిగింది. 240లోంచి 55 తీసేస్తే 185. 70ని 185తో భాగిస్తే 38 శాతం. వారం రోజుల్లో మూడో వంతు పైగా కారిపోయింది! నీళ్ళే దాటలేని గోడలోంచి ఇంత పెద్ద రంగు అణువు ఎలా కారుతుంది?

సీసా మీద "38%, పారేయాలి" అని రాశాను. సార్ గ్రాఫ్ చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతేనే ఎక్కువ టెన్షన్.

మార్చి 12

ఈ తొమ్మిది రోజుల్లో మూడు బ్యాచ్‌లు. 35, 41, 37 శాతం. పాలిమర్ పాడైందా, ఆక్సీకరణ అయిందా అని అనుమానించని రోజు లేదు. సరఫరా చేసినవాళ్ళకి కోపంగా మెయిల్ కూడా రాసి పెట్టుకున్నాను. పంపలేదు, అదృష్టం.

నిన్న సాయంత్రం ట్రైటాన్ వేసిన క్యువెట్‌ని (మెషీన్‌లో పెట్టే చిన్న పాత్ర) కడగకుండా బస్సు టైమైపోతోందని వెళ్ళిపోయాను. పొద్దున వచ్చి చూస్తే మెషీన్ పక్కనే ఉంది. కడగబోతుంటే రంగు తేడాగా అనిపించింది. నిన్న కంటే పచ్చగా ఉంది. ఊరికే మెషీన్‌లో పెట్టాను.

780.

కాసేపు అర్థం కాలేదు. మళ్ళీ పెట్టాను, 782. లిపిడ్ బుడగల్లో ట్రైటాన్ వేసిన క్షణంలోనే పొర కరిగిపోతుంది. అదే అలవాటుతో ఐదు నిమిషాలు చాలనుకున్నాను. పాలిమర్ గోడ సబ్బుకి కూడా అంత త్వరగా లొంగలేదు, పగలడానికి రాత్రంతా తీసుకుంది. నేను వంద శాతం అనుకున్నది అసలు వందే కాదు.

లెక్క మళ్ళీ వేశాను. 780లోంచి 55 తీసేస్తే 725. 70ని 725తో భాగిస్తే 10 శాతం లోపు. తొమ్మిది రోజులుగా నేను తిట్టుకుంటున్న లీకేజీలో ముప్పాతిక వంతు నా హారంలో ఉంది.

అక్కకి చెబితే పగలబడి నవ్వి, ల్యాప్‌టాప్‌లో ఒక పేపరు తెరిచింది. 2004, లాంగ్‌మ్యూర్ పత్రిక, పాటా, అహ్మద్, డిషర్, డాన్. పొర మందంగా ఉంటే డిటర్జెంట్‌ని తట్టుకుంటుందన్నది శీర్షికలోనే ఉంది. "నాకు ముందే చెప్పొచ్చు కదక్కా." "నువ్వు అడిగావా?"

మార్చి 23

గోడ ఖాయం. ఇక తలుపు.

ముందు తేలికదని మెలిటిన్ తీసుకున్నాం. తేనెటీగ విషంలో ముఖ్యమైన ముక్క, 26 అమైనో ఆమ్లాల గొలుసు. లిపిడ్ పొర కనిపిస్తే చాలు, గుంపుగా దూరి రంధ్రం పెడుతుంది. కుట్టినచోట మంట పుట్టించే పనిలో దానిదే పెద్ద వాటా.

2 మైక్రోమోలార్ వేశాను. లిపిడ్ బుడగల్లో లీకేజీ గ్రాఫ్ గీత నిట్టనిలువుగా లేచింది, 85 శాతం. పాలిమర్ బుడగల్లో గీత పడుకునే ఉంది, 6 శాతం. పదిరెట్లు వేసినా పెద్దగా కదల్లేదు.

సార్‌తో కూర్చుని మాట్లాడాను. పెగ్ తోకలు నీళ్ళని పట్టుకుని బయట గడ్డిలా నిలబడి ఉంటాయి, ప్రొటీన్లని దగ్గరికి రానివ్వవు. మందుల మీద పెగ్ పూత వేసేది కూడా ఒంట్లో ప్రొటీన్లు అంటుకోకుండా ఉండాలనే. దాన్ని దాటినా లోపల రబ్బరు మందంగా ఉంది. కణం పొరలో ప్రొటీన్లు లిపిడ్ మందానికి తగ్గ కొలతతో పుట్టినవి. మన గుమ్మం వాటికి సరిపోదు.

"మరి స్విట్జర్లాండ్‌లో బాసెల్ వాళ్ళు పెట్టారు కద సార్?" 2000లోనే వోల్ఫ్‌గాంగ్ మేయర్ బృందం ఓంప్‌ఎఫ్ అనే బాక్టీరియా తలుపుని పాలిమర్ బుడగలో పెట్టి, లోపల ఎంజైమ్ ఉంచి, చిన్న రియాక్టర్‌లా పని చేయించింది. మనీష్ కుమార్ అక్వాపోరిన్ పెట్టిందీ అదే రకం పాలిమర్‌లో.

"వాళ్ళ పొర నడిమిభాగం సిలికోన్. మెత్తన. ప్రొటీన్ చుట్టూ నొక్కుకుని సన్నబడుతుంది. నీది అంత మెత్తన కాదమ్మా. నువ్వు లిపిడ్ కలిపి చూడు."

ఏప్రిల్ 4

ఆరు ఫ్లాస్కులు పోయాయి. రాత్రి రెండింటికి కరెంటు పోయింది. పంపు ఆగిపోయి, ఫ్లాస్కుల్ని ఆరబెట్టే డెసికేటర్ పాత్రలో వ్యాక్యూమ్ ఉండటంతో పంపులోని ఆయిల్ వెనక్కి లాక్కుంది. పొద్దున చూస్తే పైపు నిండా, ఫ్లాస్కుల మూతుల మీద నల్లటి ఆయిల్.

"వాల్వు మూసి వెళ్ళాలి కదా" అన్నాడు ల్యాబ్ అసిస్టెంట్ అన్న, ఆయిల్ తుడుస్తూ. మధ్యాహ్నం ఎక్కణ్ణుంచో ఒక గాజు ట్రాప్ తెచ్చి పంపుకీ డెసికేటర్‌కీ మధ్య తనే బిగించాడు.

ఏప్రిల్ 13

పాలిమర్ సగం, లిపిడ్ సగం, అణువుల లెక్కన. హైబ్రిడ్ బుడగలు. రెండూ కలవకుండా నూనె, నీళ్ళలా విడిపోతాయేమోనని భయపడ్డాను. నామ్, బీల్స్, వాండర్లిక్ 2011లో ఇలాంటి జంటనే పెద్ద బుడగల్లో చూసి, కలిసిపోతాయని చూపారు. మాకూ మైక్రోస్కోపులో మచ్చలు కనబడలేదు, చుట్టూ ఒకే తీరు ఎరుపు.

మెలిటిన్ వేస్తే 45 శాతం. లిపిడ్‌కి 85, పాలిమర్‌కి 6. ఈసారి ట్రైటాన్‌తో రాత్రంతా ఉంచే వంద తీశాను, రెండుసార్లు.

సంబరంగా సార్‌కి చూపిస్తే ఒక్క ప్రశ్న వేశారు. "ఇది తలుపా, కన్నమా?"

నిజమే. మెలిటిన్ చేసేది దొంగ వేసే కన్నం. రంగు, ఉప్పు, నీళ్ళు, ఏది పడితే అది కారిపోతుంది. కణానికి ఉండేది తలుపు, ఎవర్ని రానివ్వాలో దానికి తెలుసు. 45 శాతం అన్నది గోడ బలహీనపడిందన్న వార్త, అంతే.

ఏప్రిల్ 24

గ్రామిసిడిన్. 1939లో రెనే డ్యూబో మట్టిలోని బాక్టీరియా నుంచి తీసిన యాంటీబయాటిక్. 15 అమైనో ఆమ్లాలే. పొర పైవరుసలో ఒకటి, కిందివరుసలో ఒకటి మూతికి మూతి ఆనించుకుంటే సన్నని గొట్టమవుతుంది. దాంట్లోంచి నీళ్ళు, ప్రోటాన్లు, సోడియం, పొటాషియం లాంటి ఒంటి ధన ఛార్జి అయాన్లు తప్ప ఇంకేవీ పట్టవు. కాల్సీన్ ప్రసక్తే లేదు. మాకు కావాల్సింది ఇలాంటిదే.

గొట్టం పొడవు రెండున్నర నానోమీటర్లే, మా పొర అంతకంటే మందం. అయినా బాసెల్‌లో పలివాన్, మేయర్‌ల బృందం దీన్ని ఇంకా మందమైన సిలికోన్ పొరల్లో పని చేయించింది కాబట్టి ధైర్యం చేశాం.

ప్రోటాన్లని కంటితో చూడలేం. అందుకని లోపల హెచ్.పి.టి.ఎస్. అనే రంగు. దాన్ని 450, 405 నానోమీటర్ల కాంతులతో వెలిగించి, రెండు వెలుగుల నిష్పత్తి చూస్తే లోపలి పీహెచ్ తెలుస్తుంది. బయట కొంచెం క్షారం వేసి పీహెచ్ పెంచాలి. తలుపు ఉంటే లోపలి పీహెచ్ వెంటనే పెరుగుతుంది, లేకపోతే నిదానంగా.

హైబ్రిడ్‌లో గ్రామిసిడిన్ లేకుండా సగం దూరం పోవడానికి ఆరు నిమిషాలు. గ్రామిసిడిన్ వేశాక 20 సెకన్లు! అక్క కుర్చీలోంచి లేచొచ్చి మరీ చూసింది. క్యాంటీన్‌లో అందరికీ నేనే టీ ఇప్పించాను.

ఏప్రిల్ 25

"ఇథనాల్ ఒక్కటే వేసి చూశావా?" సార్.

గ్రామిసిడిన్ నీళ్ళలో కరగదు, ఇథనాల్‌లో కరిగించి వేస్తాం. నిన్న ఒక మిల్లీలీటరుకి 20 మైక్రోలీటర్లు వేశాను, అంటే రెండు శాతం మద్యం. ఇథనాల్ ఒక్కటే అంతే వేసి చూస్తే ఆరు నిమిషాల సంగతి మూడు నిమిషాలకి పడిపోయింది. పొరని అది కూడా వదులు చేస్తోంది. పెగ్గుల జోకు వేసినవాళ్ళకి ఈ విషయం చెప్పలేదు.

మే 2

గ్రామిసిడిన్‌ని పదిరెట్లు చిక్కగా కరిగించి 2 మైక్రోలీటర్లే వేశాను. ఇథనాల్ ఒక్కటే 2 మైక్రోలీటర్లు వేస్తే ఆరు నిమిషాలు అలాగే ఉంది. గ్రామిసిడిన్‌తో 40 సెకన్లు. నిన్నటివరకు గొప్పగా చెప్పుకున్న 20 పోయింది గానీ, ఈ 40ని నమ్మొచ్చు. మూడు బ్యాచ్‌లు, 38 నుంచి 44 మధ్య.

వట్టి పాలిమర్ బుడగల్లో గ్రామిసిడిన్ వేసినా వేయకపోయినా గీతలో తేడా తెలియలేదు. లిపిడ్ లేకుండా మా పాలిమర్‌లో తలుపు కూర్చోవడం లేదు, ప్రస్తుతానికి.

ఇంకొక్క పరీక్ష మిగిలింది. కాల్సీన్ నింపిన హైబ్రిడ్ బుడగల్లో అదే గ్రామిసిడిన్ వేసి గంట చూశాను. గీత పడుకునే ఉంది. ప్రోటాన్లు దాటాయి, రంగు దాటలేదు. సార్ ఈసారి గ్రాఫ్ ప్రింట్ తీసి తన బల్ల మీద పెట్టుకున్నారు.

తర్వాతది అక్వాపోరిన్ కాదు, అది ఇంకా దూరం. ముందు లిపిడ్ పాలు 50 నుంచి 40కి, 30కి దించుతూ తలుపు ఎక్కడిదాకా నిలబడుతుందో చూడాలి. వేడికి ఏసీ రోజుకి రెండుసార్లు ట్రిప్ అవుతోంది కాబట్టి పెద్ద బుడగల పనంతా పొద్దున తొమ్మిదిలోపే.

ఫ్రిజ్ సర్దుతుంటే ఫిబ్రవరి 24 సీసా దొరికింది. బద్ధకం కొద్దీ పారేయలేదు. పక్కనే అదే రోజు చేసిన లిపిడ్ బుడగలు విరిగిన పాలలా అడుగున పేరుకున్నాయి. పాలిమర్‌ది డి.ఎల్.ఎస్.లో పెట్టాను. ఆ రోజు 121, ఇవాళ 123. సీసా మీద నా రాతలో "38%, పారేయాలి" అని ఇంకా ఉంది. 38 కొట్టేసి, కింద 10 అని రాసి మళ్ళీ లోపల పెట్టాను.